జంతువుల బుద్ధిని పరీక్షించుట యెట్లు?

దాహముగొన్న కాకి యొకటి కుండలో గులకరాళ్లు వేసి, అడుగుననున్న నీరు పైకి రాగా త్రాగి పోయిన కథ నెరుగని బాలబాలికలు మనలో నుండరు. ఇది గ్రీసుదేశపు ఈసపు పేర వెలసిన కథలలోనిది. దేశములు దాటి, భాషలు మారి, మన వాచకములలోనికిని వచ్చి చేరినది. ఉపాయముచే అపాయమును దాటవచ్చునను నీతిని గ్రహించి చదువరులు తృప్తినొందుచు వచ్చిరి. నిజముగా కాకి యట్లు చేయగలదా యని పరీక్షించి చూడవలెనను తలంపు మాత్రము బహుకాలమువరకు ఎవరికిని కలుగలేదు.

ఆ పరీక్ష మన కాలమున జరిగినది. దాని ఫలితము నీ వ్యాసమున ముందు చెప్పెదను. కాని దానిని సరిగా గ్రహించుటకు మొదట ఒక సంగతి తెలిసికొనవలెను. మాటలాడలేని ప్రాణి మనస్సులో నేమున్నదో కనుగొనుట మిక్కిలి కష్టమైన పని. ఆ పనిలో విద్వాంసులు సైతము మోసపోయిరి. జంతువునకు లేని బుద్ధిని కలదనుకొని కొందరును, ఉన్న బుద్ధిని లేదనుకొని కొందరును పొరపడిరి. ఈ రెండు పొరపాట్లనుండియు తప్పించుకొను మార్గమును వెదకుటయే జంతుబుద్ధిశాస్త్రము యొక్క చరిత్ర యని చెప్పవచ్చును.

బుద్ధి యన నేమి?

సాలెపురుగు చక్కని గూడు నల్లును. దానికి తల్లియు నేర్పలేదు, గురువును నేర్పలేదు. ఇది పుట్టుకతో వచ్చిన నేర్పు. ఒకసారి దెబ్బతిన్న కుక్క కర్ర చూచినంతనే తొలగిపోవును. ఇది అనుభవమువలన వచ్చిన నేర్పు. ఇక మూడవది యొకటి కలదు. మునుపెన్నడును ఎదురుపడని చిక్కు ఎదురైనప్పుడు, తానెరిగిన సంగతులను కూర్చుకొని, క్రొత్త ఉపాయమును కనిపెట్టుట. సామాన్యముగా మనము బుద్ధి యనునది ఈ మూడవదానినే. ఈ మూడును గోడలు కట్టి వేరుచేసిన గదులవంటివి కావు. ఒకే ప్రాణియందు మూడును కలిసియుండవచ్చును. చిక్కంతయు నిక్కడనే యున్నది. బయటినుండి చూచువానికి మూడును ఒకే తీరున కనబడును. పని చక్కగా జరిగినదని చూచితిమి. కాని అది యేవిధమైన నేర్పుచే జరిగినదో ఎట్లు చెప్పగలము?

కథలు పోగుచేసిన కాలము

1871వ సంవత్సరమున ఛార్లెస్ డార్విన్ తన మానవజన్మను గూర్చిన గ్రంథమున, మనుష్యుని మనస్సునకును ఉన్నతజంతువుల మనస్సునకును గల భేదము ఎంత గొప్పదైనను అది హెచ్చుతగ్గుల భేదమే గాని మూలభేదము కాదని వాదించెను. శరీరమువలెనే బుద్ధియు క్రమక్రమముగా పరిణామము నొందినదని ఆయన మతము. ఆ మాటకు సాక్ష్యము చూపగోరి ఆయన శిష్యప్రాయుడగు జార్జి రోమేన్సు 1882లో జంతువుల బుద్ధిని గూర్చి యొక పెద్ద గ్రంథమును ప్రకటించెను. కుక్కలు, పిల్లులు, పక్షులు, చీమలు చేసిన వింతపనులను గూర్చి నానాదేశములవారు వ్రాసి పంపిన వృత్తాంతములు అందు కలవు. వానిలో కొన్ని నిజములే కావచ్చును. కాని తన కుక్కను ప్రేమించువాడు దానిని గూర్చి చెప్పు కథ సాక్ష్యమగునా? వింతగా చేసిన పనిని నూరుమంది జ్ఞాపకముంచుకొందురు. తెలివిమాలి చేసిన పనిని ఎవరును వ్రాసి పంపరు.

ఈ లోపమును లాయిడ్ మోర్గన్ అను ఆంగ్లశాస్త్రజ్ఞుడు బాగుగా కనిపెట్టెను. ఆయనకు టోనీ యను కుక్క కలదు. అది తోటగేటు గడియను తలతో పైకెత్తి, గేటు తెరచుకొని వీథిలోనికి పోవుచుండెను. దారిని పోవువాడు దానిని చూచినచో, ఈ కుక్క గడియ యొక్క యంత్రరహస్యమును గ్రహించినదని ఆశ్చర్యపడును. కాని మోర్గన్ మొదటినుండియు చూచుచుండెను. కుక్క వీథిని చూచుటకై కమ్ముల సందులలో ఇటునటు తల దూర్చుచుండగా ఒకనాడు దైవికముగా గడియ లేచెను, గేటు తెరచుకొనెను. తరువాత కొన్నివారములపాటు తప్పులు చేయుచు, తప్పులు తగ్గించుకొనుచు, తుదకది నేరుగా గడియకడకే పోవ నేర్చుకొనెను. ఫలితము మాత్రమే చూచినవాడు మోసపోవును. ఆరంభమునుండి చూచినవాడు మోసపోడు. దీనినిబట్టి మోర్గన్ 1894లో ఒక నియమమును స్థాపించెను. సామాన్యమైన మనశ్శక్తిచే వివరింపదగిన పనిని అంతకంటె ఉన్నతమైన శక్తికి ఆరోపింపరాదు. ఈ నియమము నేటికిని ఈ శాస్త్రమునకు కావలికాయుచున్నది.

అమెరికాలో ఎడ్వర్డ్ థారన్డైక్ 1898లో మరియొక యడుగు ముందునకు వేసెను. ఆయన కఱ్ఱబద్దలతో పెట్టెలు చేసి, ఆకలిగొన్న పిల్లిని లోపల నుంచి, వెలుపల చేపముక్కను పెట్టెను. లోపలి త్రాడు లాగినను, మీట నొక్కినను తలుపు తెరచుకొనును. పిల్లి గోకును, కరచును, దూకును. ఎట్టకేలకు తలుపు తెరచుకొనును. పిల్లిని మరల మరల పెట్టెలో నుంచి, అది బయటపడుటకు ఎంత కాలము పట్టునో ఆయన గడియారముతో కొలిచి వ్రాసికొనెను. ఆ కాలము ఒక్కసారిగా తగ్గలేదు. కొంచెము కొంచెముగా తగ్గెను. పిల్లికి కిటుకు తెలిసియుండినచో ఒక్కసారిగా తగ్గవలసినది గదా! కావున అది ప్రయత్నించుచు, తప్పుచు, మరల ప్రయత్నించుచు నేర్చుకొన్నదని థారన్డైక్ తేల్చెను. కథ పోయి కొలత వచ్చెను.

లెక్కలు చేసిన గుఱ్ఱము

అయినను మోసము ఎంత సూక్ష్మముగా వచ్చునో తెలిపినది బెర్లిను నగరమందలి యొక గుఱ్ఱము. విల్హెల్మ్ ఫాన్ ఓస్టెన్ అను విశ్రాంత గణితోపాధ్యాయుడు హాన్స్ అను తన గుఱ్ఱమునకు, బడిపిల్లలకు నేర్పినట్లే, నల్లబల్ల పెట్టి ఓపికతో అంకెలు నేర్పెను. కూడిక, తీసివేత, భిన్నములు, తేదీలు ఏమి యడిగినను హాన్స్ గిట్టతో నేలపై తట్టి సరియైన జవాబు చెప్పుచుండెను. ఉపాధ్యాయుడు ప్రదర్శనకు డబ్బు పుచ్చుకొనలేదు. ఇతరులు ప్రశ్నించినను గుఱ్ఱము జవాబు చెప్పెను. 1904లో పండితులతో గూడిన యొక సంఘము పరీక్షించి, ఇందు ఎట్టి దొంగతనమును లేదని ప్రకటించెను. ఆ మాట నిజమే. దొంగతనము లేదు. కాని లెక్కయు లేదు!

ఓస్కార్ ఫుంగ్‌స్ట్ అను పరిశోధకుడు ఒక చిన్న మార్పు చేసెను. ప్రశ్న అడుగువానికే జవాబు తెలియకుండ నేర్పాటు చేసెను. అంతటితో గుఱ్ఱము యొక్క గణితము నశించెను. ప్రశ్నించువాడు కనబడకుండ కన్నులకు అడ్డు కట్టినను అట్లే తప్పులు తట్టెను. సంగతి యేమనగా, గుఱ్ఱము తట్టుట సరియైన అంకెను చేరినంతనే, జవాబెరిగినవాని తల తా నెరుగకయే ఇసుమంత కదలును. హాన్స్ ఆ కదలికను చూచి ఆగిపోవుచుండెను. తరువాత ఫుంగ్‌స్ట్ తానే గుఱ్ఱము స్థానమున నిలిచి, ఎదుటివారు మనసున తలచుకొన్న అంకెలను వారి తలల కదలికను బట్టి తట్టి చూపెను. ఆయన 1907లో ఈ పరిశోధనను గ్రంథముగా ప్రకటించెను.

విద్యార్థులారా, ఈ కథను చదివి గుఱ్ఱము మూర్ఖమనుకొనరాదు. ఇందరు పండితులు చూడలేకపోయిన కదలికను అది చూచినది! అది తెలివిగల జంతువే. కాని దాని తెలివి మనము వెదకినచోట లేదు, మరియొకచోట కలదు. నాటినుండి మంచి పరిశోధకులు జవాబెరుగనివారిచే పరీక్ష జరిపించుటయు, పరీక్షకుడు జంతువునకు కనబడకుండుటయు నియమముగా పెట్టుకొనిరి. మనుష్యులపై మందులను పరీక్షించుటయందును ఇట్టి జాగ్రత్తనే పాటింతురు.

రెండవ పొరపాటు

లేని బుద్ధిని ఉన్నదనుకొనుట మొదటి పొరపాటు. ఉన్న బుద్ధిని లేదనుకొనుట రెండవది. పరీక్ష జంతువునకు తగియుండనిచో ఇది జరుగును.

థారన్డైక్ పెట్టెలో తలుపు తెరచు సాధనము ఏ విధముగా పనిచేయునో పిల్లికి అంతయు కనబడదు. కనబడని దానిని ఎవరు ఆలోచించి తెలిసికొనగలరని వోల్ఫ్‌గాంగ్ కోలర్ అను జర్మను శాస్త్రజ్ఞుడు ప్రశ్నించెను. ఆయన 1913 మొదలుకొని కొన్ని సంవత్సరములు టెనరీఫ్ ద్వీపమున చింపాంజీలను పరిశీలించెను. అందిరాని యెత్తున అరటిపండ్లు వ్రేలాడగట్టి, దగ్గర పెట్టెలు, కఱ్ఱలు పడవేసి యుంచెను. అన్నియు వానికి కనబడుచుండెను. చింపాంజీలు పెట్టెపై పెట్టెను నిలిపి యెక్కి పండ్లు కోసికొనెను. సుల్తాన్ అను చింపాంజీకి రెండు బోలు వెదురుకఱ్ఱ లిచ్చిరి. పండు ఏ యొక్కదానికిని అందనంత దూరమున నుండెను. సుల్తాన్ చాలసేపు వృథాగా ప్రయత్నించి విడిచెను. తరువాత కఱ్ఱలతో ఆడుకొనుచుండగా అవి ఒక వరుసలోనికి వచ్చెను. వెంటనే సన్నని కఱ్ఱను లావుపాటిదాని రంధ్రములో దూర్చి, కటకటాలకడకు పరుగెత్తి, ఆ పొడవుకఱ్ఱతో పండును లాగికొనెను. ఇచ్చట నేర్పు కొంచెము కొంచెముగా రాలేదు, ఒక్కసారిగా మెరసెను. కోలర్ గ్రంథము 1917లో వెలువడెను.

ఏనుగు సంగతి ఇంతకంటెను బోధకరమైనది. ఏనుగు తెలివిగలదని మన దేశమున అందరు నెరుగుదురు. కాని పరిశోధకులు కఱ్ఱ ఇచ్చి దూరపు ఆహారమును లాగికొమ్మన్నప్పుడు అది లాగికొనలేదు. చింపాంజీ చేసినది ఏనుగు చేయలేదు గనుక ఏనుగు తక్కువదని తేల్చవచ్చునా? అమెరికా రాజధానియగు వాషింగ్టను జంతుశాలలో కందుల అను 7 ఏండ్ల మగ ఏనుగు ఉండెను. అది ఆసియా ఏనుగు. మన అడవులలోనివియు ఆ జాతివే. తొండమునకు అందనియెత్తున ఆహారము వ్రేలాడగట్టి, కఱ్ఱలతోపాటు ఒక గట్టి ఘనాకారపు దిమ్మెనుకూడ ఆవరణములో నుంచిరి. కఱ్ఱలను కందుల ఆ పనికి వాడలేదు. కాని ఒకనాడు దిమ్మెను దొర్లించుకొని వచ్చి, ఆహారము క్రింద నిలిపి, ముందుకాళ్లు దానిపై మోపి అందుకొనెను. దిమ్మె లేనప్పుడు పెద్ద టైరును వాడెను. 2011లో ఈ ఫలితము ప్రకటింపబడెను.

కఱ్ఱ ఎందుకు పనికిరాలేదు? తొండము మనకు చెయ్యివలె కనబడును గాని, అది ఏనుగునకు ముక్కుకూడ. కఱ్ఱ పట్టుకొన్న తొండము సరిగా వాసన చూడలేదు, తాకి తెలిసికొనలేదు. అనగా పరీక్షకులు ఏనుగు కన్నులు కట్టి, చూడుమని చెప్పినట్లైనది. తప్పినది ఏనుగు కాదు, ప్రశ్నపత్రము.

ఉన్నతపాఠశాలలోని శాస్త్రజ్ఞుడు

ఇట్టి పరిశోధనలకు గొప్ప ప్రయోగశాలలు, విస్తారమైన ధనము కావలెనని తలంపకుడు. చార్లెస్ హెన్రీ టర్నర్ అను నల్లజాతి శాస్త్రజ్ఞుడు 1867లో అమెరికాలో జన్మించి, 1907లో చికాగో విశ్వవిద్యాలయమున డాక్టరు పట్టము నొందెను. ఆ కాలమున ఆ దేశపు పెద్ద విశ్వవిద్యాలయములలో ఆచార్యపదవులు నల్లవారికి దాదాపు అందరానివై యుండెను. ఆయన 1908 మొదలు 1922 వరకు సెయింట్ లూయిస్ నగరమందలి సమ్నర్ ఉన్నతపాఠశాలలో ఉపాధ్యాయుడుగా పనిచేసెను. పాఠములు చెప్పి మిగిలిన కాలమున, ఊరి ఉద్యానవనమున తేనెటీగలను పరిశీలించెను. రంగుబిళ్లలపై తేనె పూసి, తేనెలేని వేరురంగు బిళ్లలను ప్రక్కన నుంచి, ఈగలు వేనికడకు వచ్చునో చూచెను. తేనెటీగలు రంగులను, చిత్రాకృతులను గుర్తింప నేర్చుకొనగలవని తెలుపు వ్యాసములను 1910, 1911 సంవత్సరములలో ప్రకటించెను. 1923లో మరణించునాటికి ఆయన వ్రాసిన శాస్త్రవ్యాసములు 70కి చేరినవి.

తేనెటీగ రంగునే చూచుచున్నదా, లేక వెలుగునీడల హెచ్చుతగ్గులను మాత్రమే చూచుచున్నదా యను సందేహమును కార్ల్ ఫాన్ ఫ్రిష్ అను ఆస్ట్రియా శాస్త్రజ్ఞుడు తీర్చెను. నీలిరంగు అట్టముక్కపై చక్కెరనీరు త్రాగ నేర్చిన ఈగల యెదుట, లేత బూడిదరంగు మొదలు ముదురు బూడిదరంగు వరకు గల అనేక అట్టముక్కలను పరచి, నడుమ నీలిముక్క నుంచెను. ఈగలు నీలిముక్కనే వెదకి వ్రాలెను. వెలుతురును బట్టి మాత్రమే గుర్తించుచుండినచో దానిని అంతే వెలుతురుగల బూడిదముక్కతో భ్రమపడవలసినది. ఆయనయే తరువాతి కాలమున తేనెటీగల నృత్యభాషను కనిపెట్టెను. మేత కనుగొనిన ఈగ తేనెపట్టుపై నృత్యము చేయుచు, నిలువుగీతకు తన నడక ఎంత వంకరగా నున్నదో దానిచే సూర్యునిబట్టి దిక్కును, నడక యెంతసేపు సాగునో దానిచే దూరమును తోడి ఈగలకు తెలుపును. 1973లో ఆయన నోబెలు బహుమానమును పంచుకొనెను.

కాకి యొక్క పరీక్ష

ఇక మన కాకికడకు వత్తము. 2009లో ఇంగ్లాండులోని బర్డ్, ఎమరీ యను నిద్దరు పరిశోధకులు, రూక్ అను కాకిజాతి పక్షులు నాలుగింటి యెదుట గాజుగొట్టము నుంచిరి. గొట్టములో కొంత నీరు, నీటిపై తేలుచు నొక పురుగు కలవు. ముక్కు అందదు. ప్రక్కన రాళ్లు కలవు. పక్షులు రాళ్లు వేసి, నీరు పైకి తెచ్చి, పురుగును తిన్నవి. చిన్నరాళ్లు, పెద్దరాళ్లు కలిపి పెట్టినప్పుడు పెద్దవానిని ఎన్నుకొన్నవి. ఒక గొట్టములో నీరు, మరియొక గొట్టములో రంపపుపొట్టు పెట్టినప్పుడు, పొట్టులో రాయి వేసిన ప్రయోజనము లేదని గ్రహించి నీటి గొట్టమునే ఎన్నుకొన్నవి. ఈసపు కథ అసంభవము కాదని తేలినది.

అయితే మోర్గన్ నియమమును మరువరాదు. ఈ పక్షులు అంతకుముందు వేరొక పరీక్షలో గొట్టమున రాయి వేసిన ఆహారము వచ్చునని నేర్చుకొనియుండెను. కావున రాయి వేయుట వానికి పూర్తిగా క్రొత్త కాదు. నీటి గుణమును అవి ఎంతవరకు గ్రహించినవి? 2014లో న్యూజీలాండులోని ఆక్లండు విశ్వవిద్యాలయపు పరిశోధకులు న్యూ కాలెడోనియా ద్వీపపు కాకులను మరింత నిశితముగా పరీక్షించిరి. అవి తేలు వస్తువులను విడిచి మునుగు వస్తువులను, బోలువానిని విడిచి గట్టివానిని ఎన్నుకొన్నవి. కాని వెడల్పు గొట్టమునకంటె సన్నని గొట్టమున నీరు త్వరగా లేచునను సంగతిని గ్రహింపలేదు. క్రింద మరుగున కలిసియున్న రెండు గొట్టములలో ఒకదానిలో రాయి వేసిన రెండవదానిలో నీరు లేచు పరీక్షయందును తప్పినవి. కాకికి ఏమి తెలియునో చెప్పినది జయము. తెలివి ఎచ్చట ఆగిపోవునో చెప్పినది అపజయము. శాస్త్రమునకు రెండును కావలెను.

ఈ ద్వీపపు కాకులలోనే బెట్టీ యను నొకటి 2002లో ఆక్స్‌ఫర్డులో ప్రసిద్ధి కెక్కెను. అది తిన్నని తీగను కొక్కెముగా వంచి, గొట్టమునుండి చిన్న బాల్చీని పైకి తీసి, అందలి మాంసమును తిన్నది. అప్పటికప్పుడు పుట్టిన ఉపాయమని లోకము ఆశ్చర్యపడెను. 2016లో అదే జాతి కాకులు తమ సహజమైన అలవాటుగానే పుల్లలను వంచునని తెలిసినది. బెట్టీ తెలివి సున్న కాలేదు. కాని దానిని మరల తూచవలసి వచ్చెను. సత్యమునకు కట్టుబడినవారు తమకు ప్రియమైన కథలను సైతము ఇట్లు తిరిగి తూచుదురు.

బుద్ధి యెట్లు పరిణామము నొందెను?

పూర్వులు ప్రాణులను నిచ్చెన మెట్లవలె ఊహించిరి. చేప క్రింది మెట్టు, పక్షి నడిమి మెట్టు, మనుష్యుడు పైమెట్టు. ఈ ఊహ సరికాదు. పరిణామము నిచ్చెన కాదు, చెట్టు. పక్షులకును మనవంటి క్షీరజంతువులకును చెందిన పూర్వవంశము సుమారు 32 కోట్ల సంవత్సరములక్రింద వేరుపడినది. అప్పటినుండి రెండు కొమ్మలును వేరువేరుగా పెరిగినవి. కాకికి మనవంటి ముడుతల మెదడు లేదు. అది చిన్నది, నునుపైనది. కాని కాకి, చిలుకల మెదడులో నాడీకణములు మిక్కిలి దట్టముగా నున్నవని 2016లో లెక్కించి తెలిపిరి. ఏనుగు మెదడులో సుమారు 25,700 కోట్ల నాడీకణములు కలవు. మనుష్యునకు సుమారు 8,600 కోట్లు మాత్రమే. అయినను ఏనుగు కణములలో నూటికి 98 వంతులు చిన్నమెదడులోనే కలవు. కావున మెదడు పరిమాణమును మాత్రమే చూచి బుద్ధిని తూచరాదు.

అష్టపాదమగు ఆక్టోపసు మనకు మరింత దూరపు చుట్టము. మన వంశములు కలిసినది 50 కోట్ల సంవత్సరములకు పూర్వము. దాని 50 కోట్ల నాడీకణములలో సగమునకు మించి చేతులలోనే కలవు. అదియు మూతలు తీయును, దారులు నేర్చును. మూడు వేరువేరు కొమ్మలపై ఒకే పండు కాసినట్లు, బుద్ధి వేరువేరు వంశములలో వేరువేరుగా పుట్టినది.

అట్లయిన ప్రాణులన్నియు గొప్ప బుద్ధిమంతములు కాలేదేల? బుద్ధి ఖర్చుతో గూడినది. మనుష్యుని మెదడు శరీరపు బరువులో నూటికి 2 వంతులే. కాని విశ్రాంతిగా నున్నప్పుడు సైతము శరీరము ఖర్చుచేయు శక్తిలో నూటికి 20 వంతులను అదియే తినివేయును. ఆ ఖర్చునకు తగిన లాభమున్న చోటనే పెద్దమెదడు నిలుచును. ఆ లాభమేమి? కొందరు ఆహారమందురు. పనామాలోని యొక ద్వీపమున స్పైడర్ కోతులు, హౌలర్ కోతులు ఒకే అడవిలో నివసించును. శరీరపు బరువు దాదాపు సమానము. హౌలరు ఎక్కువగా ఆకులు తినును. ఆకులు ఎచ్చటనైనను దొరకును. స్పైడరు పండ్లు తినును. ఏ చెట్టు ఎప్పుడు పండునో గుర్తుంచుకొనవలెను. స్పైడరు మెదడు హౌలరు మెదడునకు సుమారు రెండింతలని కాథరిన్ మిల్టన్ అను శాస్త్రజ్ఞురాలు తెలిపెను. ఆహారమును దాచుకొను పక్షులును ఇట్టివే. స్క్రబ్ జే అను పక్షులు పురుగులను, వేరుసెనగ గింజలను వేరువేరుచోట్ల దాచినవి. 4 గంటల పిమ్మట విడిచినప్పుడు తమకు ప్రియమైన పురుగులను వెదకినవి. 124 గంటల పిమ్మట విడిచినప్పుడు, పురుగులు క్రుళ్లిపోవునని అనుభవమున నెరిగినవి గనుక, గింజలను వెదకినవి. ఏమి దాచితిమి, ఎచ్చట, ఎప్పుడు అను మూడును వానికి గుర్తున్నవని క్లేటన్, డికిన్‌సన్ అను పరిశోధకులు 1998లో చూపిరి.

మరికొందరు బుద్ధికి మూలము సంఘజీవన మందురు. తోటివారిలో స్నేహితు డెవడు, బలవంతు డెవడు, మోసగాడెవడు అని తెలిసికొనుటయే అన్నిటికంటె కష్టమైన లెక్క యని నికొలాస్ హంఫ్రీ 1976లో వ్రాసెను. వానరజాతులలో గుంపు పెద్దదైనకొలది మెదడు పైపొర పెద్దదని రాబిన్ డన్బార్ 1992లో చూపెను. 140కి పైబడిన జాతులను పోల్చి 2017లో ప్రకటించిన మరియొక పరిశోధన ఆహారము వైపునకే మ్రొగ్గినది. ఈ రెండు కారణములును కలిసి పనిచేసియుండుట అసంభవము కాదు.

దీనివలన మనకేమి?

ఇది వినోదమునకు మాత్రమే పనికివచ్చు విద్య కాదు. ఇంట నేదైన పాడైనప్పుడు కుక్క తల వంచి, తోక ముడిచి నిలుచును. తప్పు తెలిసియే సిగ్గుపడుచున్నదని కొట్టుదుము. 2009లో అలెగ్జాండ్రా హొరొవిట్జ్ అను శాస్త్రజ్ఞురాలు దీనిని పరీక్షించెను. కుక్క నిజముగా తప్పు చేసినను చేయకున్నను, యజమాని గద్దించినప్పుడే ఆ ముఖము హెచ్చుగా కనబడెను. అది నేరపు ఒప్పుకోలు కాదు. మన కోపమునకు ప్రత్యుత్తరము. లేని బుద్ధిని ఆరోపించినందున నిరపరాధికి దెబ్బలు! ఇక ఉన్న బుద్ధిని లేదనుకొన్నచో, ఏనుగును జీవితాంతము గొలుసుతో ఒకేచోట కట్టివేసి, దానికేమి తెలియునని ఊరకుందుము. రెండు పొరపాట్ల ఫలమును అనుభవించునది నోరులేని జంతువే. సరిగా తెలిసికొనుట యనునది ఇచ్చట దయలో నొక భాగము.

పిల్లలను పరీక్షించు పెద్దలకును ఇందు బోధ కలదు. ఒక పరీక్షలో తప్పిన విద్యార్థి బుద్ధిహీనుడని తేల్చుటకు ముందు, ఏనుగుచేతికి కఱ్ఱ ఇచ్చితిమేమో యని ఆలోచింపవలెను. మాట చూచియో ముఖము చూచియో జవాబు కనిపెట్టినవాడు పాఠము నేర్చుకొన్నాడని సంతోషించుటకు ముందు, హాన్స్ గుఱ్ఱమును తలచుకొనవలెను. టర్నర్ వంటివానిని రంగును బట్టి తూచిన లోకము, ఆయన తేనెటీగలకు చూపిన న్యాయమును ఆయనకే చూపలేదు.

విద్యార్థులారా, ఈ సెలవులలో మీరును ఒక పరిశోధన చేయవచ్చును. ప్రతిదినము ఒకేవేళకు ఒకేచోట గుప్పెడు మెతుకులు వేసి, కాకులు ఎన్నవదినము నుండి ముందుగా వచ్చి కాచియుండునో వ్రాసికొనుడు. పిమ్మట ఒక్కొక్క మార్పు మాత్రము చేయుడు. ఒకనాడు పళ్లెము మార్చుడు. మరియొకనాడు చోటు మార్చుడు. వేరొకనాడు మీకు బదులు తమ్ముని పంపుడు. ఒకేసారి రెండు మార్పులు చేసితిరేని ఏది కారణమో తెలియదు. చీమలబారు నడుమ తడిగుడ్డతో ఒకసారి తుడిచి, అవి ఎట్లు తడబడునో, దారిని మరల ఎట్లు కలుపుకొనునో చూడుడు. అవి కంటితో పోవుచున్నవా, వాసనతో పోవుచున్నవా యని మిమ్ము మీరే ప్రశ్నించుకొనుడు. ఏ ప్రాణిని బాధింపకుడు, ఆకలితో మాడ్చకుడు. చూచినది ముందు వ్రాయుడు. దాని యర్థమును తరువాత వ్రాయుడు. మీ యూహకు విరుద్ధముగా జరిగినదానిని కొట్టివేయక, దానినే మొదట వ్రాయుడు.